వీడియో చూస్తే అంతా అర్థమవుతుంది, సొంతంగా రాయబోతే ఒక్క లైనూ రాదు. ప్రోగ్రామింగ్ ఎలా చదవాలి?

చూసి గుర్తుపట్టడం వేరు, ఏమీ చూడకుండా రాయడం వేరు. వీడియోలు మొదటిదే అలవాటు చేస్తాయి. మీ ఇబ్బంది అక్కడే ఉంది.

పది నిమిషాలు చూసి వీడియో మూసేయండి. కొత్త ఫైల్ తెరిచి అదే ప్రోగ్రామ్ సొంతంగా రాయండి. చేయి ఎక్కడ ఆగిందో ఆ ఒక్క ముక్క కోసమే వెనక్కి వెళ్లండి. పని చేశాక దాన్ని కాస్త మార్చండి. లిస్టులో (వరుసగా పెట్టిన విలువల్లో) అన్నిటికంటే పెద్ద సంఖ్య కనుక్కోవడం వచ్చిందా, రెండో పెద్దది కనుక్కోండి. తర్వాత మొదటి ప్రోగ్రామ్‌కే, అంటే పెద్ద సంఖ్య కనుక్కునేదానికి, అన్నీ మైనస్ సంఖ్యలే ఇచ్చి చూడండి. పోల్చడానికి పెట్టుకున్న వేరియబుల్‌ని (విలువ దాచుకునే పేరుని) 0తో మొదలుపెట్టి ఉంటే జవాబు 0 అని వస్తుంది. అసలు ఆ లిస్టులో 0 లేనే లేదు! లిస్టులోని మొదటి సంఖ్యతో మొదలుపెట్టాలని అప్పుడు తెలుస్తుంది, మళ్లీ మర్చిపోరు.

రన్ నొక్కేముందు అవుట్‌పుట్ ఏమొస్తుందో కాగితం మీద రాసుకోండి. ఒక్క అలవాటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. పైథాన్‌లో వరుస సంఖ్యలిచ్చే రేంజ్‌కి 1, 10 ఇస్తే 9 దగ్గరే ఆగుతుంది. ఇన్‌పుట్‌తో తీసుకున్న 5ని, 5ని కలిపితే 55 వస్తుంది, ఎందుకంటే అవి స్ట్రింగులు, అంటే అంకెలు కాదు, అక్షరాల లెక్క; ముందు ఇంట్‌గా (పూర్ణ సంఖ్యగా) మార్చాలి. ఒక లిస్టును = గుర్తుతో ఇంకో పేరుకి అసైన్ చేసి, కొత్త పేరుతో ఏదైనా చేరిస్తే పాత పేరులోనూ కనిపిస్తుంది. పేర్లు రెండు, లిస్టు ఒక్కటే. మీ ఊహ తప్పిన ప్రతిచోటా ఇలాంటిదేదో దాగి ఉంటుంది.

లూప్ (అవే లైన్లు మళ్లీ మళ్లీ నడిచే భాగం) అంతుపట్టకపోతే పట్టిక గీయండి: ఒక్కో వేరియబుల్‌కి ఒక నిలువు వరుస, తిరిగిన ప్రతిసారికీ ఒక అడ్డవరుస. మూడు నాలుగు వరుసలు నింపేసరికి తప్పు సాధారణంగా దొరికిపోతుంది.

ఎర్రర్ చదవడానికీ ఒక పద్ధతి ఉంది. పైథాన్‌లో చివరి లైన్ నుంచి పైకి చదవాలి. తప్పు ఏ రకమో అక్కడే ఉంటుంది. సీ లాంగ్వేజ్‌లో అయితే మొదటి ఎర్రర్ సరిచేసి మళ్లీ కంపైల్ చేయాలి (రాసినదాన్ని యంత్రభాషలోకి మార్పించాలి), ఎందుకంటే ఒక్క సెమికోలన్ మర్చిపోయినా దాని వెనకే మరికొన్ని ఎర్రర్లు పుట్టుకురావచ్చు. పైగా కొన్నిసార్లు కంపైలర్ తర్వాతి లైన్ నంబరు చూపిస్తుంది, కాబట్టి పై లైన్ కూడా చూడండి. ఏఐని అడిగే ముందు ఓ పావుగంట మీరే కుస్తీ పట్టండి.

ఆదివారం ఆరు గంటలు కూర్చోవడం కంటే రోజుకో గంట మేలు. రాసిన ప్రోగ్రామ్‌ని మర్నాడు, మూడు రోజులకి, వారానికి మళ్లీ ఖాళీ ఫైల్‌లో రాయండి. నెలకో లాంగ్వేజ్ మార్చే సరదా మాత్రం వద్దు.

రోజూ ఆపేముందు రేపు మొదట చేయాల్సింది ఫైల్‌లోనే కామెంట్‌గా (ప్రోగ్రామ్ పట్టించుకోని గమనికగా) రాసి పెట్టండి. లేకపోతే మర్నాడు మొదటి ఇరవై నిమిషాలు ఎక్కడ ఆపామో వెతుక్కోవడానికే పోతాయి.