కొండచరియ మీది పల్లె, అందులో అంత పెద్ద చర్చి

ప్రశ్న: సార్, మా అబ్బాయి ఫ్రాన్స్‌లో టూలూజ్ దగ్గర పని చేస్తున్నాడు. ఈమధ్య కోంక్ అనే పల్లెకి వెళ్లి ఫొటోలు పంపాడు. రాతిపలకల కప్పులతో కొన్ని ఇళ్లు, వాటి మధ్య పెద్ద చర్చి. నిండా వెయ్యి మంది కూడా లేని ఊరికి అంత చర్చి ఎందుకు కట్టారు? ఆ ఊరి కథేంటి? – ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఊరి జనం కోసమైతే అంత చర్చి అక్కర్లేదమ్మా, అది వచ్చేపోయే యాత్రికుల కోసం కట్టింది. తిరుపతిలో ఉండే మీకు ఇది చెప్పడం చాలా తేలిక.

కోంక్ దక్షిణ ఫ్రాన్స్‌లో అవెరాన్ జిల్లాలో ఉంది. ఊష్ అనే చిన్న ఏరు దుర్దూ నదిలో కలిసే చోట, లోయ పక్కన బాగా ఏటవాలుగా ఉన్న చరియ మీద, ఎండ పడే వైపు ఊరు కట్టుకున్నారు. పొలాలకీ విస్తరణకీ చదునైన నేల లేదు, అందుకే ఇళ్లు ఒకదాని నెత్తిన ఒకటి ఉన్నట్టు కనిపిస్తాయి. మీ అబ్బాయి ఫొటోల్లోని రాతిపలకలు ఆ కొండల్లోనే దొరికే షిస్ట్ అనే పలకరాయి.

మొదట అక్కడ ఏకాంతంగా తపస్సు చేసుకునే ఒక సన్యాసి, తర్వాత చిన్న మఠం. మఠానికి పేరు రావాలంటే ఒక పుణ్యాత్ముడి అస్థికలుండాలి, అవి అక్కడ లేవు. అజెన్ అనే ఊళ్లో మాత్రం సెంట్ ఫ్వా అనే బాలిక అస్థికలున్నాయి. రోమన్ల కాలంలో, సుమారు 303లో, తన క్రైస్తవ మతం వదలనన్నందుకు చంపేసిన పిల్ల, పన్నెండేళ్లదని చెప్తారు. కోంక్ సన్యాసి ఒకరు అజెన్ వెళ్లి ఏళ్ల తరబడి అక్కడివాళ్లతో నమ్మకంగా ఉండి, 866 ప్రాంతంలో ఆ అస్థికలు ఎత్తుకొచ్చేశాడని పాత రాతల్లో ఉంది. దొంగతనం దొంగతనమే, కానీ అప్పటివాళ్లు ఆ పిల్లకి ఇష్టం లేకపోతే కదిలి వచ్చేదే కాదనుకున్నారు. ఊరి దశ తిరిగింది అప్పటి నుంచే.

తర్వాత ఆ అస్థికలకి విగ్రహం చేయించారు, చెక్క మీద బంగారు రేకు తొడిగి, సుమారు 85 సెంటీమీటర్ల ఎత్తున, సింహాసనం మీద కూర్చున్నట్టు. తల భాగం మాత్రం అంతకంటే పాతది, రోమన్ల చివరి కాలం నాటి పని. భక్తులిచ్చిన రత్నాలు, నగలు దాని మీదే పొదుగుతూ పోయారు. నాకు బాగా నచ్చేది 1013లో వచ్చిన బెర్నార్ అనే బడిపంతులు సంగతి. ఉత్తరాది నుంచి వచ్చిన ఆయనకి మొదట ఇది విగ్రహారాధనలా కనిపించి చాలా చిరాకేసింది, ఆ తర్వాత మనసు మారి, ఆమె మహిమలన్నీ తనే కూర్చుని రాశాడు. బందీలు విడుదలైతే తమ సంకెళ్లు తెచ్చి మొక్కు చెల్లించేవాళ్లట, ఆ ఇనుముతోనే చర్చిలోని కటకటాలు చేశారని చెప్తారు.

ఇక చర్చి. యేసు శిష్యుడు యాకోబు సమాధి ఉందని నమ్మే స్పెయిన్‌లోని సాంతియాగోకి కాలినడకన పోయేవాళ్లకి, ఫ్రాన్స్‌లోని లె ప్యుయి అనే ఊరి నుంచి మొదలయ్యే దారిలో, సుమారు 200 కిలోమీటర్ల దూరంలో కోంక్ తగులుతుంది. అంత జనాన్ని ఆపకుండా నడిపించాలి కాబట్టి 11, 12 శతాబ్దాల్లో కట్టినప్పుడు బలిపీఠం వెనక నుంచి చుట్టూ తిరిగొచ్చే నడవ పెట్టారు. పక్కన పూజ జరుగుతూనే ఉంటుంది, లైను కదులుతూనే ఉంటుంది. మన ప్రదక్షిణ మార్గం చూసినవాళ్లకి వేరే చెప్పాలా? తలుపు మీద తుది తీర్పు దృశ్యం చెక్కారు, 124 బొమ్మలు, చదువు రానివాళ్లకి కూడా స్వర్గం ఎటో నరకం ఎటో అర్థమయ్యేలా.

ఇంత వైభవం ఉన్న ఊరు నగరం ఎందుకు కాలేదని మీకు అనిపించవచ్చు. తిరుపతికి జనం రావడం ఆగలేదు, కోంక్‌కి ఆగిపోయింది, నా దృష్టిలో అసలు తేడా అదే. మధ్యయుగం చివరికి యాత్రలు పలచబడ్డాయి, 1568లో కాథలిక్కులకీ ప్రొటెస్టంట్లకీ జరిగిన మతయుద్ధాల్లో మఠానికి నిప్పు పెట్టారు, 1789 ఫ్రెంచి విప్లవం వచ్చాక మఠమే లేకుండా పోయింది. అప్పుడు బంగారమంతా కరిగించడానికి పోకుండా ఊరివాళ్లే ఇళ్లలో దాచారు, మళ్లీ చర్చికి తెచ్చి అప్పజెప్పారు. పేద ఊరు అంత బంగారాన్ని ముట్టుకోకుండా కాపాడిందంటే ఎంత గొప్ప! 1837లో కట్టడాల తనిఖీ అధికారిగా వచ్చిన మెరిమే, పడిపోయేలా ఉన్న చర్చిని చూసి మరమ్మతులకి పట్టుబట్టాడు. అదే జిల్లాలోని రోడెజ్‌లో పుట్టిన చిత్రకారుడు సూలాజ్ చేసిన రంగులేని గాజు కిటికీలు 1994లో పెట్టారు, మొత్తం 104. యునెస్కో గుర్తింపు 1998లో వచ్చింది.

ప్రశ్న: ఫ్రాన్స్‌లో ఇలాంటి బుల్లి ఊళ్లకి కూడా మేయర్ ఉంటారా? – ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఉంటారు. 1789 నాటి చట్టంతో వచ్చిన కమ్యూన్లు, అంటే మన పంచాయతీల్లాంటివి, ఇప్పటికీ దాదాపు 35 వేలున్నాయి, ఊరు ఎంత చిన్నదైనా కౌన్సిల్, మేయర్ తప్పనిసరి. ఖర్చు భరించలేక కొన్ని ఊళ్లు కలిసిపోతున్నాయి, కోంక్ కూడా 2016లో పక్కనున్న మూడు కమ్యూన్లతో కలిసి కోంక్-అన్-రూయెర్గ్ అయింది.