త్రిఫల చూర్ణానికి గడువు ఎలా తేల్చాలి?

అమ్మమ్మగారి పద్ధతిలో త్రిఫల చూర్ణం (కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల పొడి) చేసి అమ్మాలనుకుంటున్నామని, సంచి మీద రెండేళ్ల గడువు వేయవచ్చా, అందుకు ఏ పరీక్షలు చేయించాలి అని అడిగారు. ఒక ఆయుర్వేద మందుల తయారీ కేంద్రం ప్రయోగశాలలో పదకొండేళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం చూర్ణాలతోనే గడిచింది.

రెండేళ్లు అన్నది ఔషధాల నియమావళిలో 161-బి నియమం చూర్ణాలకు చెప్పిన గడువు. శార్ఙ్గధర సంహిత మాత్రం చూర్ణం రెండు నెలలకే వీర్యం, అంటే మందు బలం, కోల్పోతుందంటుంది. నన్నడిగితే ఈ రెండింటి మధ్య దూరంలో చాలా భాగం ప్యాకింగుదే.

ఒకే రోజు దంచి జల్లించిన త్రిఫలను సగం గాజు సీసాల్లో, సగం పలుచని ప్లాస్టిక్ సంచుల్లో నింపి, 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉండే పరీక్ష పెట్టెలో ఉంచాం. మూడో నెలలో తీసి చూస్తే సీసాలోది వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా జారిపోయింది. సంచిలోది బెల్లపు అచ్చులా గట్టిపడి, రంగు ముదిరింది. చిదిమి చూస్తే కరక్కాయ వాసన పోయి తడిసిన గోనెసంచి వాసన కొట్టింది. అందుకే మీరు ఏ సంచిలో అమ్ముతారో ఆ సంచిలోనే పరీక్ష చేయించండి. సీసాలో పరీక్షించి సంచిలో అమ్మడం కొనేవాళ్లకు అన్యాయం చేయడమే.

ఇక త్రిఫలలో ఉండే గాలిక్ ఆమ్లం సంగతి. ఖర్చు తక్కువని త్రిఫలకు దీన్నొక్కదాన్నే కొలిచి ఇచ్చేవాళ్లున్నారు. మా నమూనాల్లో ఆరు నెలలకు అది తగ్గకపోగా పెరిగింది. మందు చెక్కుచెదరలేదని రిపోర్టు రాసి ఇచ్చాను. మా పై అధికారి దాన్ని పక్కన పెట్టి, కరక్కాయలోని టానిన్లను (వగరునిచ్చే పదార్థాలను) కూడా కొలవమన్నారు. ఆ టానిన్లలో చెబులాజిక్, చెబులినిక్ ఆమ్లాలు రెండూ పడిపోయాయి. తేమ తగిలితే అవి విరిగి గాలిక్ ఆమ్లాన్ని వదులుతాయి. మేము చూసిన పెరుగుదల మందు చెడుతోందనడానికి గుర్తు! ఆ రెండింటినీ విడిగా కొలవమని ప్రయోగశాలను గట్టిగా అడగండి.

ఆ వేడి పెట్టెలో ఆరు నెలలు నిలిస్తే రెండేళ్లు వేసేయవచ్చని మీకు చాలామంది చెబుతారు. మూలికల విషయంలో నేను ఒప్పుకోను. 40 డిగ్రీల దగ్గర చాలా రకాల బూజు సరిగా పెరగదు. అదే శ్రావణమాసపు ముసురులో వంటింటి అలమరలో చక్కగా పెరుగుతుంది. కాబట్టి 30 డిగ్రీలు, 75 శాతం తేమలో మూడు వేర్వేరు విడతల నమూనాలను నిజంగానే రెండేళ్లు ఉంచాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి తీసి చూడాలి. రంగు, రుచి, వాసన, 105 డిగ్రీల దగ్గర ఆరబెడితే తగ్గే బరువు (అంటే తేమ), బ్యాక్టీరియా, బూజుల లెక్క, జబ్బు తెచ్చే ఈ-కొలి, సాల్మొనెల్లా బ్యాక్టీరియాలు ఇవన్నీ చూడాలి. బూజు కంటికి కనిపించకపోయినా ఏఫ్లాటాక్సిన్ (బూజు వదిలే విషం) పరీక్ష మానకండి. తాగేవాళ్లలో ముసలివాళ్లు ఎక్కువ, రోజూ తాగుతారు.

అంత ఖర్చు ఇప్పుడే భరించలేకపోతే గాజు సీసాకు మారి, మీ దగ్గర రుజువు ఉన్నంత గడువే వేయండి. ఆరు నెలల రుజువుంటే ఆరు నెలలే. ఆయుష్ శాఖ లైసెన్సు లేకుండా అమ్మకం మొదలుపెట్టకండి. పురుగు తొలిచిన కాయలు ఏరేసి, గింజలు తీసి, పెళుసుగా విరిగేదాకా ఎండబెట్టాకే దంచండి. ముసురు రోజుల్లో దంచవద్దు.

ప్రతి విడత నుంచి కొన్ని సీసాలకు తేదీ రాసి, మూత తీయకుండా దాచండి. రేపు ఎవరైనా ముద్దకట్టిన చూర్ణం తెచ్చి చూపిస్తే, పక్కన పెట్టి పోల్చడానికి మీకు అవే ఆధారం.