పోయిన రీళ్ళ సంగతి పక్కన పెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

‘ఈవెంట్ హొరైజన్’ చిత్రం మీద నీవు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. 1997లో విడుదలై, థియేటర్లలో ఆడక, తర్వాత క్యాసెట్ల మీద, డీవీడీల మీద నెమ్మదిగా అభిమానులను సంపాదించుకున్న ఆ అంతరిక్ష భయానక చిత్రం గురించి తెలుగులో నిలకడగా ఒక వ్యాసం రావాలన్న నీ తపన మెచ్చుకోదగినది. అయితే అందులో సగానికి పైగా సినిమా లేదు, సినిమాకు జరిగిన అన్యాయమే ఉంది.

‘టైటానిక్’ విడుదల వేసవి నుంచి డిసెంబరుకు జరగడంతో ఏర్పడిన ఖాళీని పూడ్చడానికి పారమౌంట్ సంస్థ ఈ చిత్రాన్ని ఆగస్టుకల్లా సిద్ధం చేయమని తొందరపెట్టడం, దర్శకుడు పాల్ ఆండర్సన్‌కు ఎడిటింగ్ వ్యవధి చాలకపోవడం, సుమారు 130 నిమిషాల తొలి కూర్పు ముందస్తు ప్రదర్శనలో ఎదురుతిరిగి చివరికి 95 నిమిషాల చిత్రంగా మిగలడం, 6 కోట్ల డాలర్లతో తీస్తే అమెరికాలో 2.7 కోట్లయినా రాకపోవడం, కత్తిరించిన భాగాలలో కొన్ని ట్రాన్సిల్వేనియాలోని ఒక ఉప్పుగనిలో పాడైపోయిన స్థితిలో బయటపడడం, ఇవన్నీ నిజాలే, చెప్పుకోవడానికి రుచిగా ఉండేవే. కానీ వాటికి ఒక్క పేరా చాలు. ఆ 130 నిమిషాల ప్రతిని నీవు చూడలేదు, నేనూ చూడలేదు. చూడని సినిమాను కళాఖండమని వాదించడంలో ఒక సౌకర్యం ఉంది, అందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. పైగా, పోయిన రక్తపాతమంతా ఉండి ఉంటే సినిమా మెరుగయ్యేదని నీవు ఎందుకు అనుకున్నావో నాకు బోధపడలేదు. మాయమై తిరిగి కనిపించిన ఓడలోని పాత సిబ్బందికి ఏమైందో చూపే ఆ వీడియో తెర మీద ఉండేది కొద్ది క్షణాలే. చూసినది ఏమిటో తేల్చుకునేలోపే అది తెగిపోతుంది, ఆ ఓడను వెతుక్కుంటూ వచ్చిన బృందం కెప్టెన్ మిల్లర్ వెంటనే ఓడను వదిలి వెళ్ళిపోదామంటాడు. దాన్ని తీరికగా, వివరంగా చూపి ఉంటే ఆ నిర్ణయానికి అంత బలం వచ్చేదా? సమాధానం ఏదైనా సరే, ఈ ప్రశ్న నీ వ్యాసంలో ఉండవలసింది.

కథను క్లుప్తంగా ముగించు. 2040లో తొలి ప్రయాణంలోనే మాయమైన ఓడ 2047లో నెప్ట్యూన్ దగ్గర మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. దాన్ని తయారుచేసిన డాక్టర్ వియర్‌ను వెంటబెట్టుకుని కెప్టెన్ మిల్లర్ బృందం అక్కడికి వెళుతుంది. భూమి నుంచి దాదాపు 450 కోట్ల కిలోమీటర్ల దూరం, రేడియో కబురు అందడానికే 4 గంటలు పట్టే చోటు. పాఠకుడికి ఆ ఒంటరితనం అర్థమైతే చాలు, ఆపైన సంఘటనలన్నీ వరుసగా అప్పజెప్పనక్కరలేదు.

నీవు నిలబడి చూడవలసినది ఆ ఓడను. పారిస్‌లోని నోత్రదామ్ చర్చి కట్టడాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, దాని స్తంభాలను, గోపురాలను విడదీసి మళ్ళీ కూర్చి ఆ ఓడకు రూపం ఇచ్చారు. ఈ వివరం నీ వ్యాసంలోనూ ఉంది కానీ, ‘ఆసక్తికరమైన విషయం’ అన్న మాటతో అక్కడే వదిలేశావు. అసలు వ్యాసం మొదలు కావలసింది అక్కడ. అంతరిక్ష చిత్రాలలో ఓడ సాధారణంగా ఆసుపత్రిలా తెల్లగానో, కర్మాగారంలా మసిబారినట్టో ఉంటుంది. ఇక్కడ మాత్రం అది ప్రార్థనామందిరంలా ఉంది. అందులో అడుగుపెట్టాక మిల్లర్‌కు, మంటల్లో తాను వదిలి రావలసివచ్చిన సహచరుడు కనిపిస్తాడు. అతని బృందంలోని పీటర్స్‌కు, భూమి మీద విడిచి వచ్చిన కొడుకు కాళ్ళ నిండా పుండ్లతో కనిపిస్తాడు. వియర్‌కు, ఆత్మహత్య చేసుకున్న భార్య కనిపిస్తుంది. ఇంకొకరికి తెలియని అపరాధ భావాన్ని ఎవరిది వారికే చూపించడం ఆ ఓడ పద్ధతి. చర్చిలో పాపం చెప్పుకున్నవాడికి క్షమ దొరుకుతుందన్న నమ్మకం ఉంటుంది. ఈ మందిరం పాపాన్ని బయటికి లాగుతుంది గాని క్షమించదు. విమర్శకులు దీన్ని అంతరిక్షంలో కట్టిన దెయ్యాల కొంప అని తేలికగా తీసిపారేశారు. కొంప అన్నది నిజమే, కానీ ఏ నమూనా మీద కట్టారన్నది వారు పట్టించుకోలేదు.

ఇక మిల్లర్ బృందంలోని జస్టిన్ గాలితలుపు (ఎయిర్‌లాక్, ఓడ నుంచి శూన్యంలోకి వెళ్ళే రెండు తలుపుల గది) దృశ్యం. నీవు దానికి ‘ఒళ్ళు గగుర్పొడుస్తుంది’ అన్న రెండు మాటలే కేటాయించావు. మత్తులో ఉన్నట్టు స్పేస్ సూట్ లేకుండా లోపలికి వెళ్ళిన కుర్రవాడు, బయటి తలుపు తెరుచుకోబోతుండగా స్పృహలోకి వచ్చి కేకలు పెడతాడు. బయట ఓడ మీదున్న మిల్లర్ గొంతు పెంచకుండా, కళ్ళు మూసుకొమ్మని, ఊపిరితిత్తులలోని గాలంతా వదిలేయమని చెబుతూ అతని వైపు పరుగెడతాడు. శూన్యంలో ఊపిరి బిగబడితే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిరుగుతాయి కాబట్టి ఆ సలహా సరైనదే. 1966లో నాసా శూన్యగదిలో సూట్ గొట్టం ఊడిపోయిన ఒక నిపుణుడు దాదాపు 14 సెకన్లలో స్పృహ తప్పాడు, నాలుక మీద ఉమ్మి మరిగినట్టు అనిపించడమే తనకు చివరగా గుర్తుందని తర్వాత చెప్పాడు, బతికి బయటపడ్డాడు. జస్టిన్ కూడా బతుకుతాడు. దెయ్యాల ప్రసక్తి లేని ఈ ఘట్టమే సినిమా మొత్తంలో ఎక్కువ భయపెట్టడానికి కారణం, అక్కడ ప్రకృతి నియమాలు తప్ప మరో శత్రువు లేకపోవడం. ఒకప్పుడు ఒకరిని వదిలేసిన మనిషి, ఇప్పుడు ఇంకొకరిని వదలనని పరుగెత్తడం దానికి తోడైంది. మిల్లర్ పాత్రధారి లారెన్స్ ఫిష్‌బర్న్ ఆ తడబాటును ముఖం మీద చూపకుండా గొంతులోనే దాచుకున్న తీరు ఇంకోసారి విను.

లోపాలను దాచవద్దు. చివరి అరగంటలో వియర్ తానే భూతమై, అప్పటిదాకా మనం ఊహించుకుంటున్నదాన్ని నోటితో వివరించడం మొదలుపెట్టాక సినిమా చిన్నదైపోతుంది. వియర్ పాత్రధారి శామ్ నీల్ అంతకు ముందు కళ్ళతో చేసినదానిలో సగం కూడా ఆ మేకప్ వెనుక నుంచి చేయలేకపోయాడు. బృందంలోని కూపర్ హాస్యం కొన్నిచోట్ల అసందర్భం. వీటిని నీవే ముందుగా ఒప్పుకుంటే నీ మెప్పును పాఠకుడు నమ్ముతాడు. ‘డెడ్ స్పేస్’ వంటి వీడియో గేముల మీద దీని ప్రభావం గురించి రాసిన పేజీ తీసేయి. వారసులు గొప్పవారైనంత మాత్రాన తాత గొప్పవాడు కాడు.

‘అండర్‌రేటెడ్’ అన్న మాట పదే పదే వాడావు. శీర్షిక కింద ఒకసారి ఉంచి మిగిలినవి కొట్టేయి. ఆ చోట్లలో ఏ షాట్, ఏ శబ్దం, ఏ మలుపు నిన్ను పట్టుకుందో రాయి. మైకేల్ కామెన్ వాద్యబృందాన్ని, ఆర్బిటల్ జంట ఎలక్ట్రానిక్ మోతను కలిపిన సంగీతం గురించి నీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు. మళ్ళీ చూసేటప్పుడు ఏది ఎక్కడ ఆగి ఏది మొదలవుతోందో గమనించి రాసుకో.

కథ ఎంతవరకు చెప్పవచ్చునని అడిగావు. ఆ వీడియో ఘట్టం దాకా నిస్సంకోచంగా చెప్పు, అది లేకుండా నీ వాదన నిలబడదు. బృందంలోని స్టార్క్ నిద్ర లేచే ఆఖరి దృశ్యాన్ని మాత్రం వదిలేయి, సినిమా చూడనివారికి అది మిగలాలి. రెండవ ప్రతి వేయి పదాలు దాటకుండా రాసి పంపు.

ఆశీస్సులతో.