ఉయ్యాలవాడ దారిలో పోయే ముందు ఇది చదువుకో

చిన్నా,

ఇంగ్లీషోళ్ల మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరిగిన ఊళ్లన్నీ చూసొస్తామని నువ్వు, నీ ఫ్రెండ్సు అనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది నాయనా. పోయొచ్చినోణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్తా.

నేను మొదటిసారి పోయినప్పుడు తిరుపతిలో తెల్లారుజామున కారెక్కి, కడప, జమ్మలమడుగు దాటి నేరుగా కోవెలకుంట్లలో దిగి, ఉరి తీసిన చోటు ఎక్కడని అడిగి, ఫొటో తీసుకుని అదే కార్లో తిరిగొచ్చేశాను. ఏం చూశానంటే చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. అందుకే కోవెలకుంట్లను చివరికి పెట్టుకో, నొస్సంలో మొదలుపెట్టు. ఎర్రగుంట్ల-నంద్యాల రైలు దారిలో నొస్సం స్టేషన్ కూడా ఉంది.

నొస్సం కోట పాడుబడిపోయింది, చూసి నిరాశపడొద్దు. ఆ రాళ్ల దగ్గర కాసేపు కూర్చుని, 1800లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాక పాలెగాళ్ల, అంటే ఇక్కడి ఊళ్లను ఏలిన చిన్న దొరల గతి ఏమైందో ఆలోచించు. ఊళ్లు తీసేసుకుని వాళ్ల చేతిలో తవర్జీ పెట్టారు, అంటే పెన్షన్. నరసింహారెడ్డికి నెలకు వచ్చేది 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఈ లెక్క కాగితం మీద రాసి జేబులో పెట్టుకో, 1846 జులైలో ఆయన దాడి చేసిన కంపెనీ ఖజానా ఎక్కడుండేదో కోవెలకుంట్లలో వెతికేటప్పుడు ఒకసారి తీసి చూడు. కానీ వట్టి తవర్జీ గొడవే అనుకోవద్దు. కట్టుబడి ఇనాములు, అంటే ఊరి కాపలా కాసేవాళ్లకు ఇచ్చిన మాన్యాలు లాక్కుంటుంటే కడుపు మండినోళ్లు వందల మంది ఆయన వెంట నడిచారు. మన చిత్తూరు పాలెగాళ్లు కూడా అంతకు నలభై ఏళ్ల ముందే తిరగబడ్డారు, ఆ కథ ఇంకోసారి చెప్తా.

నొస్సం, ఉయ్యాలవాడ అయ్యాక పేరుసోముల పో. 1846 అక్టోబరు 6న ఆయన దొరికింది అక్కడి కొండల్లోనే. ఆ తర్వాతే కోవెలకుంట్ల. 1847 ఫిబ్రవరి 22న ఉరి తీశారు, తలను మాత్రం 1877 దాకా కోటలో వేలాడదీసే ఉంచారు. ముప్పై ఏళ్లు చిన్నా! ఉరి తీసిన ఏడు పుట్టిన పిల్లోడు పెళ్లాడి బిడ్డల్ని కని, వాళ్లను ఎత్తుకుని అదే దారిన నడిచుంటాడు.

వానాకాలం వద్దు, అదంతా నల్లరేగడి, చెప్పుకు పట్టుకుంటే అడుగు తీసి అడుగు వేయలేవు. ఎండాకాలమూ వద్దు. జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి. జొన్నరొట్టె దొరికిన చోట తినేయ్, హోటల్ కోసం వెతకొద్దు. ముసలోళ్లు కనిపిస్తే ఫోన్ మొహానికి పెట్టి వీడియో తీయొద్దు, ముందు కూర్చో, మాది తిరుపతి అని చెప్పు, వాళ్లే మొదలుపెడతారు. రెడ్డి గురించి చెప్పేశాక లేచి రావద్దు, వడ్డె ఓబన్న గురించి కూడా అడుగు, ఆయన పక్కనే నిలబడి పోరాడినోడు.

మీ పెదనాన్న