డాక్టర్ సలహా: జ్వరం తగ్గాక కొలెస్ట్రాల్ దిగింది.. మాత్ర ఆపేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 54. బీపీ ఉంది. రెండేళ్లుగా రాత్రిపూట కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ 10 ఎంజీ వేసుకుంటున్నా. పన్నెండు రోజుల కింద జ్వరం, దగ్గు, ఒళ్లు నొప్పులు వచ్చాయి. మెడికల్ షాపులో ఇచ్చిన మందులతో నాలుగు రోజుల్లో తగ్గింది. తర్వాత ఆఫర్ ఉందని ఫుల్ బాడీ చెకప్ చేయించుకున్నా. మూడు నెలల కింద 102 ఉన్న ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 67కి దిగింది. హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 40 నుంచి 29కి పడిపోయింది. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని మరో రకం కొవ్వు) 260. తెల్లరక్తకణాలు 3,400, ప్లేట్‌లెట్లు 1.38 లక్షలు. ఎల్‌డీఎల్ తగ్గిందని మాత్ర ఆపేశా. మంచిదేనా? హెచ్‌డీఎల్ పెరగాలంటే ఏం తినాలి? మెట్లెక్కితే కాస్త ఆయాసం, ఛాతీ బరువుగా ఉంటోంది. నీరసం వల్లే అనుకుంటున్నా.
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ చివరి మాట మీరు మొదటే రాయాల్సింది. కొలెస్ట్రాల్ సంగతి తర్వాత చూద్దాం. ఈ రోజే వెళ్లి ఈసీజీ తీయించుకోండి. అవసరమైతే అక్కడి డాక్టర్ ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్తపరీక్ష), ఎకో (గుండె స్కాన్) కూడా చేయిస్తారు. ఆక్సిజన్ చూపించుకోండి, 94 శాతం కంటే తక్కువుంటే ఆలస్యం వద్దు. కూర్చుని ఉన్నప్పుడు కూడా ఛాతీ పట్టేసినా, చెమటలు పోసినా బండి మీద బయల్దేరకుండా 108కి ఫోన్ చేయండి. ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు ముప్పు సుమారు ఆరు రెట్లు ఎక్కువని కెనడాలోని ఒంటారియోలో చేసిన అధ్యయనం 2018లో తేల్చింది. మీకు వచ్చింది ఫ్లూ అని నేను అనడం లేదు, ఎవరూ పరీక్ష చేయలేదు కదా. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి కూడా వాపు తెస్తాయి. నిజంగా నీరసమే కావచ్చు. కానీ 54 ఏళ్లు, బీపీ, కొలెస్ట్రాల్ ఉన్న మనిషి విషయంలో ఈసీజీ చూడకుండా ఆ మాట నేను అనలేను.

ఇక రిపోర్టు. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ రెండూ తగ్గుతాయి, ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి. కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరినవాళ్లలో ఇది బాగా కనిపించింది, కోలుకున్నాక అంకెలు మళ్లీ పైకి వచ్చాయి. మీ 67 మందు ఘనత కాదు, జ్వరం పని అయ్యుండొచ్చు. కాబట్టి దాన్ని చూసి మాత్ర ఆపడం తప్పే. ఎస్‌జీపీటీ (లివర్ పరీక్ష) ఎంతో మీరు రాయలేదు. అది నార్మల్ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటకపోతే, కండరాల నొప్పులు మిగిలి లేకపోతే సాధారణంగా మళ్లీ మొదలుపెట్టిస్తాం. అయినా మీ డాక్టర్‌ని అడిగే వేసుకోండి. పూర్తిగా కోలుకున్న ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరగడుపున లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష) మళ్లీ చేయించండి. హెచ్‌డీఎల్ కోసం ఇప్పుడు ప్రత్యేకంగా ఏమీ తినక్కర్లేదు.

తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఈ మాత్రం తగ్గడం వైరల్ జ్వరాల్లో మామూలే. వారం, పది రోజుల్లో రక్తకణాల లెక్క చెప్పే సీబీసీ పరీక్ష ఒక్కటి రిపీట్ చేస్తే చాలు. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటిమీద ఎర్రమచ్చలు కనిపిస్తే మాత్రం ఆగొద్దు. ఈ అంకెకు బొప్పాయి ఆకు రసం తాగి కడుపు పాడు చేసుకోకండి.

నన్ను అన్నిటికన్నా విసిగించేది ఆ షాపు మందులు. పేర్లు కూడా రాయలేదు మీరు! మా దగ్గరికి వచ్చేవాళ్ల కవర్లు విప్పితే తరచూ కనిపించేవి ఇవే: ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి మాత్ర, జలుబు మాత్ర, వాటి మధ్య పేరు తెలియని చిన్న తెల్ల మాత్ర. అది స్టెరాయిడ్ అయితే మర్నాటికే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. షుగర్, బీపీ పెరగడం తర్వాత బయటపడుతుంది. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. పైగా క్లారిథ్రోమైసిన్ లాంటిది మీరు వేసుకునే అటోర్వాస్టాటిన్‌తో కలిస్తే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. నొప్పి మాత్రలు, ముక్కుదిబ్బడ తగ్గించే మందులు బీపీని పెంచుతాయి. కౌంటర్ వెనకున్న అబ్బాయికి మీకు బీపీ ఉందని తెలుసా? అతను అడగడు, మీరు చెప్పరు.

మిమ్మల్ని చూడకుండా రాసిన సలహా ఇది, మీ మందులు మార్చడానికి ఇదొక్కటే ఆధారం కాకూడదు. ఆ ఖాళీ స్ట్రిప్పులు ఇంకా ఇంట్లో ఉంటే ఈసీజీకి వెళ్లేటప్పుడు జేబులో వేసుకెళ్లండి.