డేటా సెంటర్ వార్త మీద వాదించుకునే ముందు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వార్త గురించి ఉన్నాయి. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి వాటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. మన ఊరికి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని తెలిసిన నాటి నుంచి మా అబ్బాయికీ, మా బావమరిదికీ మధ్య మాటల్లేవు. విశాఖ దశ తిరిగిందని బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి అంటాడు. ఊరి నీళ్లూ కరెంటూ అదే మింగేస్తుందని, మన పిల్లలకు ఉద్యోగాలు మాత్రం రావని మేనమామ అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? (ఒక పాఠకుడు, మధురవాడ)

జవాబు: మాస్టారూ, డేటా సెంటర్ అంటే ఇంటర్నెట్ పనులు చేసే కంప్యూటర్లను పెద్ద సంఖ్యలో ఉంచే భవనం. ముందు వార్తలో ఉన్నదేమిటో చూద్దాం. విశాఖపట్నంలో 5 ఏళ్లలో 15 బిలియన్ డాలర్లు, అంటే అప్పటి మారకపు రేటు ప్రకారం సుమారు 1.3 లక్షల కోట్ల రూపాయలు పెట్టుబడి పెడతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ సంస్థలతో కలిసి గిగావాట్ స్థాయి కృత్రిమ మేధ కేంద్రాన్ని కడతామని, సముద్రగర్భ కేబుళ్లను ఇక్కడ ఒడ్డుకు చేరుస్తామని చెప్పింది. మీ ఇంట్లో తగవు ఈ రెండు సంఖ్యల దగ్గరే మొదలైందని నా అనుమానం. డాలర్ల సంఖ్య చూసి మీ అబ్బాయి ఉద్యోగాలను ఊహించుకున్నాడు. గిగావాట్ అన్న మాట చూసి మీ బావమరిది నీళ్లను ఊహించుకున్నారు. నిజానికి ఆ సంఖ్యల్లో ఒకటి పెట్టుబడిని కొలుస్తుంది, రెండోది కరెంటును కొలుస్తుంది. ఉద్యోగాలెన్నో, నీళ్లెన్నో ఆ రెండింటిలో ఏదీ చెప్పదు.

గిగావాట్ అంటే 1000 మెగావాట్లు. పరవాడ దగ్గర మనందరికీ కనిపించే సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2000 మెగావాట్లు కనుక, ఈ కేంద్రం పూర్తి స్థాయిలో నడిచిన రోజున సింహాద్రి ఉత్పత్తి చేయగల విద్యుత్తులో సగానికి సమానమైనంత వాడుకుంటుంది. మన ఇంటి బిల్లు భాషలో చెప్పాలంటే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. అదంతా సౌర విద్యుత్తేనని ఎవరైనా అంటే, రాత్రి సంగతి ఏమిటని అడగాలి. డేటా సెంటర్‌కు రాత్రీ పగలూ తేడా ఉండదు కాబట్టి పగటి కరెంటును నిల్వ చేసే ఏర్పాటు దానితో పాటే రావాలి. ఆ నిల్వకూ, కొత్త లైన్లకూ అయ్యే ఖర్చు ఎవరి బిల్లులో పడుతుందన్నది మీ అబ్బాయీ, మీ బావమరిదీ ఇద్దరూ కూర్చుని చూడవలసిన విషయం.

నీళ్ల గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఈ వాదనలో అన్నిటికంటే ముందు కోపం వచ్చేది ఇక్కడే. అక్కడి కంప్యూటర్లు (సర్వర్లు) వాడుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడిని తీసేయడానికి ఒక పద్ధతి నీటిని ఆవిరి చేయడం. దీనికి కరెంటు తక్కువ, నీళ్లు ఎక్కువ కావాలి. రెండో పద్ధతిలో అదే నీరో ద్రవమో గొట్టాల్లో మూసిన చక్రంలా తిరుగుతూ ఉంటుంది, వేడిని పెద్ద ఫ్యాన్లో, చిల్లర్లు అనే శీతలీకరణ యంత్రాలో బయటికి తోస్తాయి. దీనికి నీళ్లు తక్కువ, కరెంటు ఎక్కువ కావాలి. మన ఊరి వాతావరణానికి ఇక్కడ పాత్ర ఉంది. మే నెలలో బీచ్‌రోడ్డు మీద నిలబడితే ఒంటి మీద చెమట ఎందుకు ఆరదో, సరిగ్గా అందుకే నీటిని ఆవిరి చేసి చల్లబరిచే కూలింగ్ టవర్ కూడా ఇక్కడ ఎండుగాలి వీచే ఊళ్లలోలా పనిచేయదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది. కాబట్టి అమెరికాలోని ఏదో ఎడారి పట్టణం అంకెలను తెచ్చి ఇక్కడ అతికించడం మీ బావమరిదికీ తగదు, చల్లని ఉత్తర దేశాల అంకెలు తేవడం మీ అబ్బాయికీ తగదు.

మన నీళ్లు మేఘాద్రి గెడ్డ, రైవాడ, తాటిపూడి, ముడసర్లోవ జలాశయాల నుంచీ, నగరంతో పాటు ఉక్కు కర్మాగారానికీ నీరందించే ఏలేరు కాలువ నుంచీ వస్తున్నాయి. వేసవిలో రోజు విడిచి రోజు కుళాయి కోసం ఎదురుచూసిన వాళ్లకు ఈ పేర్లు కంఠస్థం. ఆ జాబితాలోని నీటినే వాడతారా, శుద్ధి చేసిన మురుగునీటిని వాడతారా, లేక సముద్రపు నీటినా? మూడోది ఇక్కడ ఎవరూ ఎరగని సంగతి కాదు. సింహాద్రి కేంద్రం కూలింగ్ టవర్లకు సముద్రపు నీటినే తీసుకుంటుంది. ఏ పద్ధతిలో, ఏ నీటితో చల్లబరుస్తారన్నది కాగితం మీద చూసే వరకు మీ ఇంట్లో ఇద్దరి మాటా ఊహే.

ఉద్యోగాల విషయంలో మీ బావమరిది వైపు కొంత మొగ్గుతాను. డేటా సెంటర్ కట్టేటప్పుడు చాలామందికి పని దొరుకుతుంది, కట్టాక నడపడానికి చాలా తక్కువ మంది సరిపోతారు. 2025 ఏప్రిల్‌లో రుషికొండ ఐటీ హిల్ మీద టీసీఎస్‌కు 99 పైసలకు 21.16 ఎకరాలు కేటాయించినప్పుడు 12,000 ఉద్యోగాలు వస్తాయని చెప్పారు. అది మనుషులు కూర్చుని పనిచేసే కార్యాలయం. ఇది యంత్రాలు నిలబడి పనిచేసే భవనం. రెంటినీ ఐటీ అనే ఒక్క మాటతో పిలవడం వల్ల పిల్లల చదువుల నిర్ణయాలు కూడా తప్పుతున్నాయని నా బాధ. ఇక ప్రకటనల్లో కనిపించే ఉద్యోగాల సంఖ్య నిర్మాణ కాలానిదా, శాశ్వతమైనదా, ప్రత్యక్షమా, పరోక్షమా అని ఇద్దరినీ అడగండి. అయితే కేబుళ్లూ కంప్యూటింగ్ శక్తీ దగ్గరగా ఉన్న ఊరికి వాటి మీద ఆధారపడే సంస్థలు రావచ్చన్న మీ అబ్బాయి ఆశను తోసిపుచ్చలేను. అది ఆశ అని అతను ఒప్పుకుంటే చాలు.

ప్రశ్న: నేను గాజువాకలో ఉంటూ బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఏఐ వల్ల కొత్తగా చేరేవాళ్ల ఉద్యోగాలే ముందు పోతాయని వార్తలు చదివి భయపడుతుంటే, బ్యాంకులో పనిచేసి రిటైరైన మా పెదనాన్న, "కంప్యూటర్లు వచ్చినప్పుడూ ఇలాగే అన్నారు, ఏమైంది?" అని తీసిపారేస్తున్నారు. ఆయన పోలిక సరైనదేనా? (ఒక విద్యార్థి)

జవాబు: మీ పెదనాన్నగారి జ్ఞాపకం సరైనదే, కానీ అందులో సగం కథ చెప్పలేదనిపిస్తోంది. బ్యాంకుల్లోకి కంప్యూటర్లు ఊరికే వచ్చేయలేదు. సంఘాలు ఏళ్ల తరబడి వ్యతిరేకించాయి. 1983లో బ్యాంకుల యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ మధ్య ఒప్పందం కుదిరింది, ఏ పనులకు యంత్రాలు వాడవచ్చో అందులో రాసుకున్నారు. బ్యాంకుల్లో కంప్యూటర్ల వాడకంపై రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ 1984లో ఇచ్చిన నివేదిక దశలవారీగా వెళ్లాలని దారి చూపింది. లెడ్జర్లు రాసిన చేతులు కీబోర్డు నేర్చుకోవడానికి సంవత్సరాల గడువు దొరికింది. మీ పెదనాన్నగారి తరం నిలదొక్కుకోవడంలో యంత్రపు మంచితనం కంటే ఆ గడువుకూ, ఆ ఒప్పందానికీ ఎక్కువ వాటా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఇప్పుడు మీ తరానికి అలాంటి సంప్రదింపుల బల్ల లేదు, ఎందుకంటే ఇంకా ఉద్యోగంలో చేరని వాడి తరఫున ఏ సంఘమూ మాట్లాడదు. నియామకాలు తగ్గితే ఎవరినీ తీసేసినట్టు కనిపించదు. అందువల్ల ఆయనతో వాదించకండి, ఆ ఒప్పందం ఎలా కుదిరిందో అడిగి తెలుసుకోండి. మీ భయానికి కావలసిన సమాచారం ఆయన దగ్గరే ఉండవచ్చు.

ప్రశ్న: సముద్రం అడుగున వేసే ఇంటర్నెట్ తీగలు మన తీరానికి వస్తాయంటున్నారు. మా తమ్ముడు మరబోటు మీద వేటకు వెళ్తాడు. వాటి వల్ల చేపలు పోతాయా? (ఒక పాఠకురాలు, పెదజాలరిపేట)

జవాబు: అమ్మా, ఆ కేబుల్ లోపల గాజుపోగుల్లో వెలుగు ప్రయాణిస్తుంది. లోతు సముద్రంలో అది మొక్కలకు నీళ్లు పట్టే గొట్టమంత లావే ఉంటుంది. ఒడ్డుకు దగ్గరయ్యే కొద్దీ ఉక్కు కవచంతో లావుగా చేసి, ఇసుకలో పూడుస్తారు. దాని వల్ల చేపలు పోతాయని భయపడనవసరం లేదు. భయం ఎదురు దిశలో ఉంది. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 వరకు కేబుళ్లు దెబ్బతింటున్నాయి, వాటిలో ఎక్కువ భాగానికి కారణం వేట వలలూ, లంగర్లూ. అందుకే కేబుల్ వెళ్లే దారిలో లంగరు వేయవద్దనీ, అడుగు ఈడ్చే వలలు లాగవద్దనీ ఆంక్షలు పెట్టే అవకాశం ఉంటుంది. మీ తమ్ముడు అడగవలసింది ఆ దారి పటం. కేబుల్ ఏ రేవు దగ్గర ఒడ్డెక్కుతుంది, ఎంత వెడల్పున వేట ఆపమంటారు, వేసే రోజుల్లో బోట్లు నిలిపితే పరిహారం ఎవరిస్తారు? తీరంలో ఇలాంటి పనులకు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) అనుమతి కావాలి కనుక, ఆ దశలోనే బోటు యజమానుల సంఘం తరఫున లిఖితపూర్వకంగా అడగడం మంచిది. తీగ వేసేశాక దారి మార్చడం అయ్యే పని కాదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సమావేశంలో ఈ నీళ్ల సంగతి ఎత్తితే, "మీలాంటి వాళ్ల వల్లే ఊరు బాగుపడదు" అన్నారు. అడగడం కూడా తప్పేనా? (ఒక పాఠకురాలు, సీతమ్మధార)

జవాబు: తప్పు కాదు, ఈ ఊళ్లో అసలే కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ అనే రసాయనపు ఆవిరి ఇళ్ల మీదికి వచ్చి 12 మంది చనిపోయారు. కర్మాగారంలో సైరన్ ఉంది, అది మోగలేదు. ఆ ట్యాంకుల్లో ఏముందో, లీకైతే ఏ వైపు పరిగెత్తాలో చుట్టుపక్కల ఇళ్ల వాళ్లకు ముందుగా ఎవరూ చెప్పలేదు. డేటా సెంటర్ రసాయన కర్మాగారం కాదు, ఆ ప్రమాదాన్ని దీనికి అంటగట్టకూడదు. కానీ పక్కింట్లో ఏముందో తెలుసుకునే హక్కు విషయంలో రెంటికీ తేడా లేదు. మిమ్మల్ని అన్నవారు కూడా ఆ వారం ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని నిద్రలేని రాత్రులు గడిపినవారే అయి ఉంటారు. ఆ సంగతిని మృదువుగా గుర్తు చేయండి.

ఆ తరువాత మీ అపార్ట్‌మెంట్ సంఘం పేరుతో కాకుండా, మీ పేరుతోనే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆ చట్టం కింద దరఖాస్తు చేసుకోవలసింది పౌరులే. దాన్ని తెలుగులో రాయవచ్చు. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పనక్కర్లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రైవేటు సంస్థను నేరుగా అడిగే వీలు లేకపోయినా, దానితో ప్రభుత్వం చేసుకున్న నీటి కేటాయింపు ఒప్పందం నకలు అడగవచ్చు. "డేటా సెంటర్ వల్ల నీటి ఎద్దడి వస్తుందా" అని రాస్తే అది అభిప్రాయం అడగడం అవుతుంది, అధికారి తిప్పి పంపవచ్చు. రోజుకు ఎన్ని కిలోలీటర్లు, ఏ జలాశయం నుంచి, ఏ తేదీ ఉత్తర్వు ప్రకారం కేటాయించారో తెలిపే పత్రం నకలు కావాలని రాయండి. జవాబు వచ్చాక మాకూ ఒక ప్రతి పంపితే, అది ఏం చెప్పినా ఇదే శీర్షికలో అచ్చు వేస్తాము.