గిబ్సన్‌ను ఆ కాలపు కొలతతోనే కొలవండి

బేస్‌బాల్ జట్లు 1968 కార్డినల్స్, 1998 యాంకీస్ మధ్య కంప్యూటర్‌లో ఏడు ఆటల సిరీస్ పెడితే కార్డినల్స్ పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) బాబ్ గిబ్సన్ ప్రతిసారీ యాంకీస్‌కు పరుగే ఇవ్వడం లేదన్నారు కదా. తప్పు ప్రోగ్రాంది కాదు, మీరిచ్చిన అంకెలది. 1968లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి ఆటకు, గిబ్సన్ ఇచ్చిన సగటు (ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి వదిలేస్తే) 1.12 పరుగులు నిజమే, కానీ ఆ ఏడాది కార్డినల్స్ ఆడే నేషనల్ లీగ్ మొత్తం సగటే 2.99. అప్పుడు పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తు 15 అంగుళాలు. బ్యాటర్లు మరీ కుదేలైపోవడంతో 1969లో దాన్ని 10కి తగ్గించారు. యాంకీస్ ఆడే అమెరికన్ లీగ్‌లో 1998 సగటు 4.65. కాబట్టి 1.12ను 2.99తో భాగించి 4.65తో గుణించండి. 1.74 వస్తుంది. అప్పటికీ ఆయన అద్భుతమే, నాకు ఎంతో ఇష్టమైన పిచ్చర్ కూడా! బ్యాటర్ల అంకెలనూ ఇలాగే మార్చండి.

పిచ్చర్ బదులు బ్యాటింగ్ చేసే ఆటగాడి నిబంధన అమెరికన్ లీగ్‌లో 1973లో వచ్చింది. మీ సిరీస్‌లో అది ఉండాలో వద్దో ముందే తేల్చుకోండి.

ఒక్క సిరీస్‌తో ఆగకండి, కనీసం వెయ్యి ఆడించండి. అసలు 1968 వరల్డ్ సిరీస్ (రెండు లీగ్‌ల విజేతల మధ్య ఫైనల్) మొదటి ఆటలో 17 మందిని స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులతో అవుట్) చేసిన గిబ్సనే ఏడో ఆటలో డెట్రాయిట్ జట్టు చేతిలో ఓడిపోయాడు.